గల్లా కుర్చీ

నా తోడికోడలు రజిత గురించి మా రాంగోపాల్‌పేట్ బజార్లో ఎవరినడిగినా మంచే చెబుతారు. చెడు చెప్పడానికి ఒక్కరన్నా ఉండాలి కదా, ఆ పని నేను చూసుకుంటున్నాను.

మాది స్టీలు సామాన్ల దుకాణం. పెట్టింది మా మామగారు, పేరు పర్వతాలు. మావారూ మరిదీ హోల్‌సేల్ సరుకు పనిమీద తిరుగుతారు, దుకాణం కోడళ్ళిద్దరిదీ. పెద్దకోడల్ని నేను. ఏ గిన్నె ఏ అరలో ఉందో చీకట్లో కూడా తీసిస్తాను. రజిత నా తరవాత వచ్చింది. మెట్టుగూడ పిల్ల, తండ్రి లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. వచ్చిన కొత్తలోనే గిన్నెల మీద పేర్లు చెక్కే మిషను పట్టుకుంది, ఇక వదల్లేదు. "పేరేందమ్మా? మీ బిడ్డదా? ఏం చదువుతుంది?" అంటూ గ్లాసు మీద నాలుగక్షరాలు చెక్కేలోపు వాళ్ళింటి సంగతులన్నీ రాబడుతుంది. మళ్ళీ వచ్చినప్పుడు ఆ పిల్ల పరీక్ష ఎలా రాసిందని అడుగుతుంది. ఇక వాళ్ళు కరిగి నీరైపోతారు. నేను ఎంత తగ్గించి ఇచ్చినా సరే, గుమ్మం ఎక్కగానే "రజితమ్మ లేదా?" అనే మాటే. ఒళ్ళు మండదూ?

నాకు మిగిలింది ఒక్కటే ఆశ, గల్లా. మామగారికి మోకాళ్ళు పోయాయి. బోనాలు కాగానే గల్లాపెట్టె వెనకున్న తన కుర్చీలో కోడళ్ళలో ఒకరిని కూర్చోబెడతానన్నాడు. మా బజార్లో ఆ కుర్చీలో ఉన్నవాళ్ళే దుకాణానికి పెద్ద. అది కూడా రజితకే పోతే నేను ఇక తలెత్తుకు తిరగలేను.

అంతలో బండ్ల గొడవ వచ్చిపడింది. దారికి అడ్డంగా ఉన్నాయని ఫుట్‌పాత్ మీది బండ్లన్నీ మున్సిపాలిటీ వాళ్ళు లారీల్లో ఎత్తుకుపోయారు. ఎత్తించమని అర్జీ పెట్టింది మా దుకాణాల సంఘమే. మా గుమ్మం ముందు గాజులమ్మే ఎల్లమ్మ బండి కూడా పోయింది. మర్నాడు బండ్లవాళ్ళంతా రోడ్డు మీద బైఠాయించారు. పొద్దున ఒట్టి నినాదాలే. మధ్యాహ్నానికి ఎవరో ముక్కూ మొహం తెలియని మనుషులు వచ్చి చేరి రాళ్ళందుకున్నారు. ఎదురుగా హరికిషన్ చెప్పుల దుకాణం అద్దం భళ్ళున పగిలింది.

మేము షట్టర్ సగానికి పైగా దించేశాం. షట్టర్ లాగే ఇనప కొక్కెం పట్టుకుని నేను కాపలా నిలబడ్డాను. కింది సందులోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. కొట్టాను. కొట్టక, హారతి ఇస్తానా? "అమ్మో" అని అరుపు వినిపించింది. చూస్తే ఎల్లమ్మ! రాళ్ళకు భయపడి దాక్కోవడానికి వచ్చిందట. నాకేం తెలుసు, చేతి మీద పేరు చెక్కి ఉంటుందా?

రజిత నన్ను పక్కకు నెట్టేసి షట్టర్ పైకెత్తింది. అవతల రాళ్ళు పడుతుంటే! ఎల్లమ్మనూ ఆమె వెనకున్న ఆడవాళ్ళనూ లోపలికి లాక్కుని మళ్ళీ దించింది. విరిగిన మణికట్టుకు గరిటె ఆనించి తన చున్నీతో కట్టింది. గొడవ సద్దుమణిగాక, అరలోంచి కొత్త క్యారియర్ తీసి, దాని మీద ఎల్లమ్మ పేరు చెక్కి, మా మధ్యాహ్నం అన్నం అందులో సర్ది, ఆమెను ఆసుపత్రికి పంపింది. అందులో నా వాటా అన్నం కూడా ఉంది. నన్ను ఒక్క మాటైనా అడిగిందా?

ఆ సాయంత్రం సంఘం వాళ్ళు మా దుకాణంలోనే కూర్చున్నారు.

"కల్పలతమ్మ చేసిందే కరెక్టు. మన సొమ్ము మనం కాపాడుకోకుంటే ఎవలొస్తరు?" అన్నాడు హరికిషన్. నేను జానెడు పొడుగు పెరిగాను.

"బండి సుత ఎల్లమ్మ సొమ్మే గద అన్నా. దాన్ని లారీల ఏసుకపోతుంటే ఆమె ఎవల్ని కొట్టాలె?" అంది రజిత.

"అయితే నా అద్దం పలగ్గొడ్తరా?"

"అది తప్పే. పలగ్గొట్టినోన్ని పట్టుకోండ్రి. ఎల్లమ్మ రాయి ముట్టలే."

నాకిక ఆగలేదు. "బయట గట్ల లొల్లి అయితుంటే, లోపలికొచ్చిన చెయ్యి ఎవలిదని అడిగి కొట్టాల్నా?"

"అవునక్కా, అడగాలె," అంది. గొంతు కూడా పెంచలేదు. పెంచితే నేను ఇంకా పెంచేదాన్ని. సంఘం వాళ్ళంతా తలలు దించుకుని దాని మాటే ఆలోచిస్తూ కూర్చున్నారు. అంతసేపు ఎవరైనా నా మాట ఆలోచించారా ఎప్పుడైనా? మామగారు మాత్రం వక్కపలుకు నములుతూ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

బోనాలయ్యాయి. మామగారు అందరి ముందూ గల్లా తాళాలు నా చేతిలో పెట్టాడు.

"గల్లాకు కావలి గావాలె బిడ్డా. నీ లెక్క కావలి ఎవ్వలు కాయరు," అన్నాడు. నాకు ఏనుగెక్కినంత సంబరం. రజిత మొహం ఎలా మాడిందో చూద్దామని తిరిగాను. మాడలేదు. "రజితను గిట్ల మూలకు కూసోబెడితే, వచ్చినోళ్ళతోని మాట్లాడేదెవలు?" అని మామగారు మాట పూర్తి చేశాడు. ఎక్కిన ఏనుగు అక్కడే కూలబడింది.

శ్రావణం వచ్చాక ఒకరోజు ఎల్లమ్మ వచ్చింది. చేతికట్టు విప్పేశారు కానీ కుడిచేతి వేళ్ళు ఇంకా ముడుచుకోవడం లేదు. రజిత ఇచ్చిన క్యారియర్ తెరిచింది. ప్రతి గిన్నెలోనూ గాజులే!

"బండి ఇంక రాలే. టిఫిన్ గిన్నెను ఎవ్వలు లారీల ఎక్కియ్యరు గదా! ఇంటింటికి తిరిగి అమ్ముకుంటున్న," అంది. అందరూ నవ్వారు. ఎల్లమ్మ రజిత చేతిని ఒళ్ళో పెట్టుకుని ఎడమచేత్తోనే ఆకుపచ్చ గాజులు ఎక్కించింది.

ఏ శ్రావణమైనా పెద్దకోడలినని మొదట నాకే తొడిగేది. ఉండబట్టలేక కుర్చీలోంచే అడిగాను. "ఏం ఎల్లమ్మా, నాకు లేవా?"

దగ్గరకొచ్చి నా చెయ్యి ఎడమచేత్తో పట్టుకుని కణుపులు నొక్కి చూసింది. వదిలేసింది.

"మీ సైజువి తీసి పెట్టిన కల్పమ్మా. రజితమ్మది మెత్తని చెయ్యి, ఎడమచేత్తోని సుత ఎక్కుతయి. మీది మొదటిసంది గట్టి చెయ్యి గద. నా కుడిచెయ్యి మంచిగైనంక తొడుగుతా."

కోపంగా అనలేదు. తిట్టినా బాగుండేది, తిట్టుకైతే నా దగ్గర జవాబుంది. రజిత చేతి గాజులు గలగలమంటుంటే, గల్లాకు తాళం వేసి ఉందో లేదో మళ్ళీ ఒకసారి లాగి చూసుకున్నాను.