మక్కచేన్లో ఉస్తాద్ గొంతు

ఇప్పటి కుర్రాళ్లు కారుకు చిన్న పెట్టె ఒకటి తగిలించి, ఫోన్లో చూసి జబ్బేమిటో చెప్పేస్తున్నారు. మేము పని నేర్చుకున్న ఆ రోజుల్లో మా దగ్గర ఉన్నవి ఒక మీటరు, ఒక టెస్ట్ బల్బు, ఆ రెండింటినీ మించి మా ఉస్తాద్ గొంతు. కామారెడ్డి ఇంకా జిల్లా కాలేదు. ఐటీఐ సర్టిఫికెట్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని (వానకు నేను తడిసినా అది తడవకూడదు) అక్కడి ఆటో ఎలక్ట్రిక్ దుకాణంలో చేరి మూడు నెలలైంది. ఉస్తాద్ మామూలుగా మాట్లాడితేనే రోడ్డు మీద పోయేవాళ్లు తిరిగి చూసేవారు. ఇక తిట్టడం మొదలుపెడితే, తిట్లు నాకైనా ఎదురు దుకాణాల వాళ్లు భుజాలు తడుముకునేవారు.

ఎల్లారెడ్డి దగ్గరి పల్లె నుంచి ఒక టీచరు సారు ఫోన్ చేశారు. సాయంత్రం మంచిగా నిలిపిన కారు పొద్దున స్టార్ట్ కావడం లేదట. కొత్త బ్యాటరీ వేయించినా అదే కథట, బడికి పోవాలంటే రోజూ నలుగురు నెట్టాల్సి వస్తోందట. ఎక్కడో కరెంటు లీకవుతోంది, చూసి రమ్మని ఉస్తాద్ నన్ను పంపాడు. వెళ్లి బానెట్ ఎత్తితే బ్యాటరీ టెర్మినళ్లు తళతళలాడుతున్నాయి. ఆ ఇంటివాళ్ల శుభ్రతను మనసులో మెచ్చుకున్నాను. లోపల స్టీరియోలో గడియారం పొద్దున తొమ్మిదింటికి మూడు చూపిస్తోంది. దొంగ దొరికాడనుకున్నాను. మతి తప్పిన ఈ స్టీరియోనే కరెంటు తాగుతోందని సారుకు ధీమాగా చెప్పి, దాన్ని పీకి పక్కన పెట్టాను. వాకిట్లో మంచం మీద కూర్చున్న సారు తండ్రి, ఊరంతా బాపు అని పిలిచే పెద్దాయన, అంతా చూశాడు గానీ ఒక్క మాట అనలేదు. మర్నాడు మళ్లీ ఫోను. కారు కదలడం లేదు, ఇప్పుడు పాటలు కూడా లేవు.

ఈసారి నాతో పాటు ఉస్తాదే వచ్చాడు. తీగ తీగా మీటరుతో చూశాడు. లీకు లేదు. ఆ కోపమంతా నా మీదికి తిరిగింది. "ఎవడ్రా నిన్ను గీడికి రానిచ్చింది? కండ్లు కనిపిస్తలేవా? నడువ్, ఇంకోసారి గిటు కనవడ్డవంటే కాళ్లు ఇరుగుతయ్!" ఇలా ఐదు నిమిషాలు. బాపు మాత్రం మంచం మీద తన ఫోన్ పట్టుకుని దానికేసే చూస్తున్నాడు. నా అవమానం చూడలేక తల దించుకున్నాడు పాపం అనుకున్నాను. లీకు దొరికితేనే దుకాణానికి రా, దొరక్కపోతే అటు నుంచి అటే మీ ఊరికి పో అని చెప్పి ఉస్తాద్ బస్సెక్కాడు. మా ఊళ్లోనేమో కొడుకు మెకానిక్ అయ్యాడని మా అమ్మ అప్పటికే చెప్పనివాళ్లు లేరు. ఏ మొహం పెట్టుకుని పోను?

రోజంతా ఆ కారుకు కాపలా కాశాను. పొద్దుగూకే వేళ కాళ్లు కడుక్కుందామని పెరట్లోకి వెళ్లి వచ్చేసరికి బానెట్ లేచి ఉంది. లోపల బ్యాటరీ లేదు. లీకు వెతకడానికి వచ్చిన నా కళ్లుగప్పి, బ్యాటరీకి బ్యాటరీయే మాయం. పని పోవడమే కాదు, దొంగతనం కూడా నా నెత్తిన పడేట్టుంది. సారును పిలుద్దామని నోరు తెరిచానో లేదో, ఇంటి వెనక మక్కచేన్లోంచి, మనిషెత్తు మొక్కజొన్నల నడుమ నుంచి, ఉస్తాద్ గొంతు వినబడింది.

"ఎవడ్రా నిన్ను గీడికి రానిచ్చింది?"

పొద్దున నా కళ్ల ముందే బస్సెక్కిన మనిషి! అలవాటు కొద్దీ చేతులు కట్టుకుని "వస్తున్న ఉస్తాద్" అన్నాను. చేను ఊరుకోలేదు. కండ్లు కనిపిస్తలేవా అంది. అటే పరుగెత్తాను. చేను మధ్య మంచెకు మైకు కట్టి ఉంది. దాని కింద మా బ్యాటరీ, పక్కన చేతిలో పానాతో బాపు.

"పోచారం అడివి దిక్కు నుంచి పందులొస్తున్నయ్ బిడ్డా," అన్నాడు తాపీగా. "మొన్నటిదాంక నా గొంతే ఫోన్ల నింపి మైకుల పెట్టిన. గవి అలవాటు పడ్డయ్. మీ ఉస్తాద్ గొంతు మంచిగున్నదని పొద్దుగాల ఫోన్ల ఎక్కిచ్చుకున్న."

రోజూ సాయంత్రం బ్యాటరీ విప్పుకుపోయి, రాత్రంతా మైకు నడిపి, తెల్లారి కొడుకు లేవకముందే మళ్లీ బిగించేవాడట. బిగించిన ప్రతిసారీ గడియారం మళ్లీ పన్నెండు నుంచి మొదలయ్యేది. ఆరింటికి బిగిస్తే తొమ్మిదింటికి మూడు. స్టీరియో నాకు నిజమే చెప్పింది, నేనే దాని నోరు పీకేశాను. మేమిన్ని తిప్పలు పడుతుంటే ఒక్క మాట చెప్పొద్దా బాపూ అని మొత్తుకున్నాను.

"మీరు లీకెక్కడున్నదని ఎతుకుతుండ్రి," అన్నాడు. "బ్యాటరీ ఎటు పోతున్నదని నన్నెవ్వలన్న అడిగిండ్రా?"

మర్నాడు దుకాణంలో సంగతి చెప్పాను. ఉస్తాద్‌కు మెల్లగా మాట్లాడటం కూడా వచ్చని నాకు అప్పుడే తెలిసింది. "పందులు పోయినయా?" ఒక్కటి కూడా చేన్లోకి రాలేదట ఉస్తాద్ అన్నాను. మీసం దువ్వుకున్నాడు. చేను కోసం వేరే పాత బ్యాటరీ ఒకటి తానే వెతికి నాతో బాపుకు పంపాడు, పనిలో పనిగా స్టీరియో బిగించి రమ్మన్నాడు. నా పని నిలిచింది.

ఇప్పుడు ఆ దుకాణం నేనే నడుపుతున్నాను. ఉస్తాద్ పోయి నాలుగేళ్లు. మొన్న వానాకాలం ట్రాక్టరు పని మీద ఆ ఊరికి పోయి, సాయంత్రం తిరిగి బయల్దేరుతుంటే మక్కచేన్లోంచి అదే గొంతు, కాస్త బొంగురుపోయి. "నడువ్, ఇంకోసారి గిటు కనవడ్డవంటే..." నా చేతులు వాటంతటవే కట్టుకున్నాయి. నవ్వొచ్చింది, కళ్లూ తడిశాయి. ఆ తిట్లకు అడవి పందులే పారిపోయాయి. ఆ వయసులో, నేనెలా నిలబడ్డానో!