ఉబ్బిన బ్యాటరీతో తెల్లాపూర్ వెళ్ళి, చందానగర్‌లో దించాను

నాకు స్కూటీ నడపడం భయం. షేర్ ఆటోలో తెలియని వాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చోవడం అంతకంటే భయం. అందుకే మదీనాగూడ నుంచి కొండాపూర్‌లోని ఆఫీసుకు సైకిల్ మీద వెళ్తాను. వెనక చక్రంలో చిన్న మోటారు, సీటు కింద బ్యాటరీ ఉంటాయి. దాన్ని తెల్లాపూర్‌లో ప్రణీత్ అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి తన విల్లా కార్ షెడ్డులో తయారు చేశాడు. ఇలా సెలవురోజుల్లో ఇంట్లోనే సైకిళ్ళకు మోటార్లు బిగించేవాళ్ళు, పాడైనవి బాగుచేసేవాళ్ళు మా వైపు చాలామంది ఉన్నారు. వాళ్ళ దగ్గరికి ఎలా వెళ్ళాలి, ఎంత ఖర్చవుతుంది అని అడిగే పాఠకుల కోసం ఇది రాస్తున్నాను. అయితే ఈసారి నేను సరదాగా చూసి రావడానికి వెళ్ళలేదు. ఇంట్లోంచి ఒక వస్తువును బయటికి తీసుకుపోవడానికి వెళ్ళాను.

శనివారం ఉదయం ఏడు దాటాక పాల ప్యాకెట్ కోసం తలుపు దగ్గరికి వెళ్తే తియ్యటి వాసన వచ్చింది. మగ్గిపోయిన పండు వాసనలా ఉంది, కొంచెం నెయిల్ పాలిష్ రిమూవర్ వాసనలానూ ఉంది. సైకిల్ ఎప్పటిలాగే గుమ్మం పక్కనే నిలబడి ఉంది. ప్లగ్ రాత్రి పడుకునే ముందే తీసేశాను. కానీ బ్యాటరీ డబ్బా మూత ఒక పక్క పైకి లేచింది. లోపల నీలం కవరు చుట్టిన పలకల్లాంటి సెల్స్ ఉబ్బి మూతను నెడుతున్నాయి. చేయి దగ్గర పెడితే వెచ్చగా తగిలింది. మాది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. లోపలి గదిలో అక్క ఉంది. రెండు వారాల క్రితం మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. తొడ దాకా సిమెంట్ కట్టు.

"ఏందే ఆ వాసన? ఏమన్న మాడబెట్టినవా?" అని గదిలోంచి అడిగింది.

"బ్యాటరీ ఉబ్బింది అక్కా."

"పూరి లెక్కనా?" అని నవ్వింది. గది గుమ్మంలో నిలబడ్డ నా ముఖం చూసి నవ్వు ఆపేసింది. "అంటుకుంటదా?"

"తెల్వదు."

"అంటుకుంటే నేనెట్ల దిగాలె?"

ప్రణీత్‌కు ఫోన్ చేశాను. వైర్లు విప్పి, ఇనుప బకెట్‌లో పొడి ఇసుక పోసి, అందులో పెట్టి తీసుకురమ్మన్నాడు. ఇసుక పక్క ప్లాట్‌లో కడుతున్న ఇంటి దగ్గర దొరికింది. "బకెట్ ఇసుకతోని ఏం గడ్తవ్ బిడ్డా, ఇల్లా?" అని వాచ్‌మన్ భార్య నవ్వుతూ టార్పాలిన్ ఎత్తి ఇచ్చింది. మా స్నానాల గదిలోని స్టీల్ బకెట్‌లో బ్యాటరీని ఇసుక మధ్య పెట్టి, రెండు చేతులా పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాను. ఆ రోజు తిరిగిన దారిలో ఆ మూడంతస్తులే అన్నిటికంటే దూరమనిపించాయి. కింద ఖాళీ స్థలంలో వదిలేద్దామనుకున్నాను. అక్కడ పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు.

యాప్‌లో పిలిచిన ఆటో వచ్చింది. డ్రైవర్ తల తిప్పి, "ఏముంది మేడమ్ బకెట్ల?" అన్నాడు. మొక్కలకు ఇసుక అంటే సరిపోయేది. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా. కానీ నేను ఎక్కితే ఆ బకెట్ అతని వీపుకు జానెడు దూరంలో ఉంటుంది. నిజం చెప్పాను. అతను బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. రెండో అతను కొంచెం తిట్టి వెళ్ళాడు. కొత్తవాళ్ళతో గొంతెత్తి మాట్లాడడమే చేతకాని నేను రోడ్డు మీద నిలబడి, వచ్చిన ప్రతివాళ్ళకూ అదే వాక్యం చెప్పాల్సి వచ్చింది. చివరికి సామాన్లు మోసే ట్రాలీ ఆటో ఒకటి ఆగింది. నడిపే ఆయన పేరు మల్లేశ్, యాభై ఏళ్ళుంటాయి.

"పాడైన బ్యాటరీ అన్నా. అంటుకోవచ్చు."

"అంటుకోవచ్చా, అంటుకుంటదా?"

"తెల్వదన్నా."

"మా ఇంటామె కోపం గూడ గంతే, ఎప్పుడంటుకుంటదో తెల్వదు." ఆయన దిగి బకెట్‌ను వెనక ట్రాలీలో మూలకు నెట్టి తాడుతో కట్టాడు. "గ్యాస్ సిలిండర్లు మోసినోన్ని. గిదెంత? ఫికర్ చెయ్యకు, ముందట కూసో."

తెల్లాపూర్‌కు నాలుగు వందలకు ఒప్పుకున్నాడు. మామూలు ఆటోలో అయితే అందులో సగంలో వెళ్ళవచ్చు. మదీనాగూడ నుంచి హైవే మీద చందానగర్ మార్కెట్ దాటి, లింగంపల్లి దగ్గర రైలు పట్టాల కింద నుంచి నల్లగండ్ల వైపు వెళ్ళాలి. ట్రాఫిక్ లేకపోతే అరగంట దారి. ఆ రోజు పట్టాల కింద బండ్లు ఆగిపోయాయి. నేను వెనక అద్దంలోంచి బకెట్‌నే చూస్తున్నాను. ఒక స్కూటర్ మెల్లగా వచ్చి సరిగ్గా ట్రాలీ పక్కన ఆగింది. ముందు నిలబడ్డ చిన్న పాప ట్రాలీ అంచు మీద చేయి వేసింది. నేను తల బయటపెట్టి, "వెనక్కి జరగండి! ప్లీజ్, జరగండి!" అని అరిచాను. ఆ తండ్రి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. కానీ జరిగాడు.

ప్రణీత్ ఉండే కాలనీ గేటు దగ్గర సెక్యూరిటీ అతను మా బండిని ఆపాడు. "లోపటికి రానియ్యం మేడమ్. బ్యాటరీ పనులు బందు పెట్టిన్రు. అసోసియేషనోళ్ళు మాకు గట్టిగ చెప్పిన్రు." ఫోన్ చేస్తే ప్రణీత్ ఇంటి చెప్పులతోనే గేటు బయటికి వచ్చాడు. పోయినసారి నేను వచ్చినప్పుడు ఇదే మనిషి షెడ్డులో ఆరు సైకిళ్ళు వరసగా పెట్టి, ఒక్క ఛార్జికి ఏది ఎంత దూరం పోతుందో ఉత్సాహంగా చెప్పాడు. ఇప్పుడు బకెట్‌కు నాలుగడుగుల దూరంలో ఆగిపోయాడు.

"సారీ. లాస్ట్ వీకే నోటీస్ ఇచ్చారు. లోపలికి తెస్తే నన్ను ఇల్లు ఖాళీ చేయమంటారు."

"ఎందుకు ఉబ్బింది?" అని అడిగాను.

ఆయన ఇసుక వైపే చూస్తూ, "కొత్త సెల్స్‌తో కొన్ని పాతవి కలిపాను. రేంజ్ ఎక్కువ వస్తుందని" అన్నాడు. తర్వాత తనే ఎవరికో ఫోన్ చేశాడు. "చందానగర్‌లో రాజ్యలక్ష్మి గారని ఉన్నారు. నాకు సెల్స్ కలిపి బ్యాటరీ కట్టడం నేర్పింది ఆవిడే. ఖాళీ స్థలం ఉంది, తీసుకురమ్మంటున్నారు."

మల్లేశ్ నెత్తి కొట్టుకున్నాడు. "చందానగరా? పొద్దున దాని ముంగట్నుంచే గద వచ్చినం!"

నిజమే. ఆమె ఇల్లు మా ఇంటికి మూడు కిలోమీటర్లు కూడా ఉండదు. ఇంకో మూడు వందలు మాట్లాడుకుని అదే దారిలో వెనక్కి వచ్చాం. మార్కెట్ వెనక సందులో పాత ఇల్లు అది, చుట్టూ మట్టి స్థలం. రాజ్యలక్ష్మి గారు బ్యాంకు ఉద్యోగి, కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. జడలో పెన్సిల్ గుచ్చుకుని గేటు దగ్గరే నిలబడి ఉన్నారు.

"లోపలికి తేవద్దండీ! అదిగో, ఆ జామచెట్టు దాటి, గోడకు దూరంగా నేల మీద పెట్టండి. పెట్టేసి పరుగెత్తకండి, నడిచి రండి."

మల్లేశ్ బకెట్ పెట్టి వచ్చాక ముగ్గురం గేటు దగ్గరే ఉండిపోయాం. ఆమె ఎడమ చేతి మీద పాత కాలిన మచ్చ కనిపించింది.

"మీకు కూడా భయమేనా?" అన్నాను.

"భయం లేకపోతే ఇంత దూరంలో నిలబడి ఎందుకు అరుస్తానమ్మా?"

ఆమె కార్ షెడ్డే వర్క్‌షాప్. కొక్కేలకు సైకిళ్ళు వేలాడుతున్నాయి, బల్ల మీద మీటర్లు, టంకం సామాను ఉన్నాయి. బల్ల లోపలి గోడకు ఉంది, ఆమె స్టూలు గేటు వైపు ఉంది. టీ తెచ్చి ఇచ్చి, నాకు స్టూలు చూపించి ఒక్క ప్రశ్న అడిగారు. "ఎక్కడ ఛార్జింగ్ పెడతావు?"

"ఇంట్లోనే."

"ఇంట్లో అంటే? ఫోటో ఉందా? ఆ చోటు చూడకుండా నేను ఎవరికీ బ్యాటరీ కట్టను."

ఉంది. పోయిన వారం సైకిల్‌కు కొత్త బుట్ట తగిలించి, స్నేహితురాలికి పంపడానికి తీసిన ఫోటో. ఆమె దాన్ని పెద్దది చేసి చూశారు.

"ఇది వీధి తలుపా?"

"అవును."

"ఇంకో తలుపు?"

"లేదండీ."

"ఇక్కడ మూలన తెల్లగా... ఇది ఎవరి కాలు?"

నేను ఫోటో తీసుకుని చూశాను. అటు వీధి తలుపు. ఇటు గది తలుపులోంచి మంచం చివర అక్క కట్టు కాలు. మధ్యలో సైకిల్. పొద్దున తీయడం సులువని ఎనిమిది నెలలుగా నేనే దాన్ని అక్కడ నిలబెట్టి ఛార్జింగ్ పెడుతున్నాను. రాజ్యలక్ష్మి గారు తన స్టూలు వైపు చూపించారు. "నేనెప్పుడూ గేటు వైపే కూర్చుంటాను. అంటుకుంటే బయటికి దారి నా వెనకే ఉండాలి" అని మాత్రం అన్నారు.

అప్పుడే జామచెట్టు అవతల టప్పుమని చప్పుడైంది. బుస్సుమంటూ ఇసుకలోంచి తెల్లటి పొగ లేచింది. "పొగ పీల్చొద్దు, ఇటు రండి!" అని ఆమె మమ్మల్ని సందులోకి లాగారు. పొగలోంచి మంట మూరెడు ఎత్తు లేచింది. ఒకదాని తర్వాత ఒకటి పలకలు పేలుతుంటే ఇసుక చిమ్మింది. జామచెట్టుకు బకెట్ వైపున్న ఆకులు ముడుచుకుపోయాయి. ఎంతసేపు మండిందో చెప్పలేను. నా చేతిలో టీ మాత్రం ఇంకా వేడిగానే ఉంది. బకెట్ సగం దాకా నల్లబడింది.

మల్లేశ్ వంగి తన ట్రాలీలోని ఆ మూలను చూశాడు. తాడు ఇంకా అక్కడే ఉంది. "గిది నా బండిల ఉండె" అన్నాడు. నా వైపు తిరగకుండానే, "నువ్వు చెప్పినవ్ బిడ్డా. చెప్పినవ్" అన్నాడు. తర్వాత ఇంటికి ఫోన్ చేశాడు. "ఏయ్, పోరని కరెంటు బండి తలుపు కాడ ఉందా? ఛార్జింగ్ తీసెయ్. తీసి బయట పెట్టుమను. ఇప్పుడే. ఎందుకంటే ఎందుకు? చెప్తే ఇనవా?" ఆయన గొంతులో పొద్దుటి హాస్యం లేదు.

ఇంటికి వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. అక్క చేతికర్ర పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉంది. నేను లేనంతసేపూ ఒక్కతే తలుపు దాకా నడిచి చూసుకుందట, నాలుగుసార్లు. సైకిల్ పక్కన ఒంటి కాలితో మళ్ళడానికి చోటు సరిపోలేదని చెప్పింది. ఇప్పుడు సైకిల్ కిందే ఉంటోంది. బ్యాటరీ లేని మోటారు బరువు మోస్తూ కొండాపూర్ దాకా తొక్కడం కష్టంగా ఉంది. రాత్రి మెలకువ వస్తే ముందు వాసన చూస్తున్నాను. కొత్త బ్యాటరీ కావాలనే ఉంది, భయం కూడా ఉంది. ధైర్యం చేసి ఇంటి ఓనర్‌ను పార్కింగ్‌లో ఒక ప్లగ్ పాయింట్ అడిగాను, ఒప్పుకున్నారు. ఫోటో తీసి రాజ్యలక్ష్మి గారికి పంపాను. "మెట్లు ఎటువైపు?" అని జవాబు వచ్చింది. కిందికి వెళ్ళి చూశాను. మెట్లు సరిగ్గా దాని పక్కనే ఉన్నాయి. మళ్ళీ ఓనర్ దగ్గరికి వెళ్ళి, అవతలి గోడకు అడగాలి.

మీలో ఎవరైనా ఇలాంటి వర్క్‌షాప్‌కు బయలుదేరుతుంటే ఒక్క మాట. ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి మంచం దగ్గర నిలబడి, వీధి తలుపు వైపు ఒక ఫోటో తీయండి. అందులో ఛార్జర్ కనిపిస్తే ప్రయాణం తర్వాత. ముందు దాన్ని అక్కడినుంచి తీసేయండి.