పంజాగుట్ట పెట్టెలో దీపం

ఉత్తర ధ్రువం సంగతి తెలుసుకోవడానికి సర్కారు పంజాగుట్టలో ఒక తెల్ల పెట్టె నిలబెట్టింది. పరాచికం కాదు. ముప్పైల మొదట్లో ఒక ఏడాది దేశదేశాల సర్కార్లు కలిసి ధ్రువాల పరిశోధనకు డబ్బు పెట్టాయి. మంచులో కొలిచే గంటకే వేడి దేశాల్లోనూ కొలవాలన్నాయి. మా సర్కారు వంతు ఆ పెట్టె, అందులో ఉష్ణమాపకం, అది చూసి రాయడానికి నేను. ఒక్క పూట లెక్క చెడినా మంజూరు ఆగిపోతుందని మా అధికారి రోజూ బెదిరించేవాడు. మద్రాసు వైపు నుంచి తెచ్చిన మనిషి. ఏడాది పొడుగునా నన్ను పేరు పెట్టి పిలవలేదు. "పెట్టె కాపలా" అనేవాడు.

నాలుగు కాళ్ల మీద, చిన్న తలుపుతో, అచ్చం పోచమ్మ గుడిలా ఉండేది ఆ పెట్టె. ఆషాఢం రాగానే అమీర్‌పేట ఆడవాళ్లు దానికి పసుపు పూసి వేపమండలు కట్టారు. నేను తుడిచేవాణ్ని. మర్నాడు మళ్లీ పూసేవాళ్లు.

ఆ నెలలోనే మా అక్క బిడ్డకు ఒంటినిండా అమ్మవారు పోసింది. ఒకనాడు పొద్దున్నే పోయేసరికి అక్క పెట్టె ముందు కూర్చుని ఉంది. లోపల ఆముదం దీపం.

"మూడు పొద్దులు వెలగాలె తమ్మీ. కొండెక్కితే పిల్ల దక్కది."

"ఇది గుడి కాదక్కా. గిండ్ల ఎండ కొలుస్తరు."

"ఎండ ఎవ్వనికి తెల్వదురా, పెట్టె వెట్టి కొలుసుడు?"

నేను దీపం ముట్టలేదు. కొలత ఎండాకాలపు మధ్యాహ్నాన్ని మించి ఉంది. చూసింది చూసినట్టు రాసి, పక్కన "పెట్టెలో దీపం ఉంది" అని చేర్చాను. అంతలో అధికారి వచ్చాడు.

"ఏంటిది? ఆ మంచులో ఉన్న దొరలు చూస్తే నవ్వరూ? మంజూరు మీ పోచమ్మ ఇస్తుందా?"

"పిల్లకు బాగలేదు సార్. తీసి కింద పెడతం, జర ఆగుండ్రి," అన్నాను.

ఆగలేదు. వత్తిని రెండు వేళ్లతో నలిపేశాడు. నా అంకె కొట్టేసి ముందురోజు అంకే మళ్లీ వేశాడు. పిల్ల ఆ వారంలోనే పోయింది.

దీపం ఆరినందుకే పోయిందని నేననను. కానీ ఆ తర్వాత ఎప్పుడు తలుపు తీసినా కాలిన వత్తి వాసన. కడిగాను, సున్నం వేశాను, పోలేదు. అదే గంటకు మంచులో ఎవడో తన పెట్టె తలుపు తీస్తున్నాడు కదా, వాడికీ ఈ వాసన వస్తుందా అనుకునేవాణ్ని. కొన్ని పొద్దులు చెయ్యి తలుపు దాకా పోయి ఆగిపోయేది.

ఏడాది తిరిగేసరికి డబ్బు ఆగింది. పెట్టెను బండిలో వేసుకుపోయారు. అధికారికి లక్డీకాపూల్‌లో పెద్ద కుర్చీ దొరికింది. నేను అర్జీలు పెడుతూనే ఉన్నాను. ఉద్యోగం అడగలేదు. కొట్టేసిన అంకెను తిరిగి చేర్చమన్నాను. ఆ రోజు లెక్కలో లోపమేమీ లేదని ఒక్కసారి జవాబు వచ్చింది. నలభైల చివర సర్కారే మారిపోయింది. దానికీ పెట్టాను.

"దీపం వెట్టింది నాకెర్కే గద తమ్మీ. వాండ్లకెందుకు?" అంది అక్క.

వాళ్లకే తెలియాలి. మంచు దేశాలకు పోయిన లెక్కల్లో ఆ పొద్దు పంజాగుట్ట ముందురోజులాగే ఉంది. ఆ లెక్క ప్రకారం ఇక్కడ ఎవరూ ఏ బిడ్డ కోసమూ దీపం వెలిగించలేదు.