ఒక్కసారే మిగిలిన పల్లవి

మా కంప్యూటర్ సార్ పోయారని మొన్న పొద్దున కోరుట్ల నుంచి ఫోన్ వచ్చింది. "గుండెనొప్పట. దవాఖానకు తీస్కపోయే లోపట్నే పాణం పోయింది" అంటూ నాతో చదివిన అమ్మాయి ఏడ్చింది.

రేకుల గదిలో సార్ మాకు నల్ల తెర మీద కమాండ్లు నేర్పేవారు. కరెంటు పోతే ఇంటి నుంచి తెచ్చుకున్న పల్లీలు అందరికీ పంచేవారు. మా వేలు ఎంటర్ మీదికి పోతుంటే ఆపేవారు. "సదివి నొక్కు బిడ్డా. నొక్కినంక సదివితే ఏం ఫాయిద?" నా వేలు ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతుంది. ఆ నిదానం సార్ పెట్టిన భిక్షే.

తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులవి. సిరిసిల్ల దీక్షా శిబిరంలో బీడీలు చేసే ఒక అవ్వ పాడుతుంటే సార్ పక్కనే కూర్చుని లాప్‌టాప్‌లో టైపు చేసి ఎక్కించుకునేవారు. చనిపోయిన కొడుకు మీద ఆమె కట్టుకున్న పాటలు. సార్ వెళ్లినప్పుడల్లా అవ్వ పాడిన పాటే మళ్లీ ఎక్కేది. ఒకరోజు మా ముందే, ఫైల్లో రెండోసారి వచ్చిన లైన్లన్నీ తీసేసే కమాండ్ కొట్టి, అదే ఫైలు మీద సేవ్ చేశారు. వేరే కాపీ లేదు.

చదవబోయి ఆగిపోయారు. చరణాల మధ్య మళ్లీ మళ్లీ రావలసిన "రావైతివి కొడుకా" మొదట్లో ఒక్కసారే మిగిలింది.

"మల్ల పెట్టొచ్చు గద సార్?" అన్నాను.

"ఏడ పెడ్తవ్ బిడ్డా? ఓపారి అవ్వ ఒక్కసారే అంటది, ఓపారి అంటనే ఉంటది. ఏడుపుకు లెక్కుంటదా?"

అవ్వనే అడుగుదామని బయల్దేరాం. బస్సుల సమ్మె. ఆటోలు మారుతూ సార్ వెంట నేనూ, మొన్న ఫోన్ చేసిన ఆ అమ్మాయీ సిరిసిల్ల చేరాం. అవ్వ మంచంలో ఉంది. పక్షవాతంతో మాట పడిపోయింది. "మేం పిలిస్తె గూడ పలుకుతలేదు సార్" అంది కోడలు.

సార్ మంచం పక్కన కింద కూర్చుని ఒక్కో లైనూ చదివారు. ఒకచోట అవ్వ ఎడమచేత్తో మంచం పట్టె మీద కొట్టింది.

"గీడనా అవ్వా? కొడుకా అన్నది గీడనా?"

మళ్లీ కొట్టింది. సార్ కళ్లు తుడుచుకుని అక్కడ ఆ మాట ఎక్కించారు. అట్లాగే పాట చివరిదాకా సాగారు. మాకు పూర్తిగా దక్కింది ఆ ఒక్క పాటే.

రెండో పాట సగంలో ఉండగా, పొద్దుటి నుంచి లేని కరెంటు వచ్చింది. వీధిలోని మరమగ్గాలన్నీ ఒక్కసారిగా మొదలయ్యాయి. సార్ గొంతు పెంచి చదివారు. పక్కనున్న మాకే వినపడలేదు. ఏ లైనుకో తెలియదు, అవ్వ చెయ్యి మాత్రం పట్టె మీద లేస్తూ, పడుతూనే ఉంది.