పైడమ్మ అడిగిన ప్రశ్న

పదకొండేళ్ళుగా ఒక మాటను మోస్తున్నాను. అది నాది కాదు. దాన్ని నాదిగా చెప్పుకుని సంపాదించుకున్న గౌరవం మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. మావారికి కూడా ఈ సంగతి తెలియదు. మీకు చెబుతాను. తడబడకుండానే చెప్పగలను, ఎందుకంటే ఏం చేశానో నాకు బాగా తెలుసు.

మావారు బ్యాంకు ఆఫీసరు. కలకత్తా వచ్చిన మూడో ఏట నేను పది రోజుల మౌన ధ్యాన శిబిరానికి వెళ్ళాను. ఊరికి దక్షిణపు చివర ఒక పాత తోట ఇల్లు. అక్కడ ఎవరితోనూ మాట్లాడకూడదు, చదవకూడదు, రాయకూడదు. ఊపిరిని గమనిస్తూ ఆ క్షణంలో ఉండాలి, అంతే. ధ్యానం నేర్పే పెద్దావిడను అందరూ దీదీ అనేవారు. మధ్యాహ్నం పూట ఒక్కొక్కరినీ పిలిచి అయిదు నిమిషాలు మాట్లాడేవారు.

నా గదిలోనే ఉండేది పైడమ్మ. శ్రీకాకుళం వైపు మనిషి. భర్త పోయాక, రేవులో పనిచేసే కొడుకు దగ్గరికి ఏక్‌బాల్‌పూర్ వచ్చి మూడు నెలలైంది. ఆమెకు నిద్ర పట్టడం లేదని విని, కోడలు పనిచేసే ఇంటి డాక్టరమ్మ శిబిరానికి పంపింది. ఆమెకు హిందీ రాదు, బెంగాలీ రాదు. అందుకని ఆమె మాటలు దీదీకి హిందీలో చెప్పే పని నాకు అప్పగించారు.

నాకు ధ్యానం కుదరలేదు. ఎన్నో పుస్తకాలు చదివి వెళ్ళినదాన్ని. కళ్ళు మూస్తే మావారి ప్రమోషను, పక్కింటివాళ్ళు కొన్న ఫ్రిజ్జు, మోకాళ్ళ నొప్పి, కునుకు. దీదీ అడిగినప్పుడల్లా బాగానే ఉందన్నాను.

అయిదో రోజు పైడమ్మ దీదీ ముందు కూర్చుని, నావైపు తిరిగి మెల్లగా చెప్పింది.

"ఊపిరి నాను తియ్యట్నేదమ్మా. అదే వత్తంది, అదే ఎల్పోతంది. నాను గుమ్మంలో కూకుని సూత్తన్నట్టుంది. మా ఇంటాయన నన్నొగ్గేసి పోనాడని కోపం ఉండీది. అదీ అలాగే వచ్చి ఎల్పోనాది. ఆయన పోయి ఏడాది తిరగనేదు, అప్పుడే ఇంత సల్లగా ఉండొచ్చేటి? తప్పు కాదేటి? గురువమ్మని అడుగమ్మా."

దీదీ నన్ను చూశారు. "ఈమెకు మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయట, కునుకు వస్తోందట" అన్నాను.

ఎందుకలా అన్నాను? ముందుగా అనుకున్నది కాదు. నోరు జారిందని కూడా అనను. చదువూ సంధ్యా లేని మనిషికి అయిదు రోజుల్లో దొరికినది నాకెందుకు దొరకలేదన్న మంట గొంతు దాకా వచ్చింది, నా బాధలు తీసి ఆమెకు అంటగట్టాను. అప్పుడు నేను పూర్తి మెలకువతో ఉన్నాను. ఆ పది రోజుల్లో అంత ఎరుకతో నేను చేసిన పని అదొక్కటే.

కింద దుప్పటి మడత వేసుకోమనండి, కాసేపు తోటలో నడవమనండి, అన్నారు దీదీ.

పైడమ్మతో నేను చెప్పింది వేరు. "అది మనసు చేసే మోసమట. నమ్మొద్దంటున్నారు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టమన్నారు."

ఆమె తల ఊపి లేచి వెళ్ళింది. తరవాత వంతు నాదే. ఊపిరి, గుమ్మం, కోపం, అన్నీ నాకు జరిగినట్టే చెప్పాను, చక్కటి హిందీలో. చనిపోయిన భర్త స్థానంలో చనిపోయిన మా నాన్నను పెట్టాను. దీదీ కళ్ళు చెమర్చాయి. శిబిరం ముగిసిన రోజు నన్ను పిలిచి, భవానీపూర్‌లో ప్రతి ఆదివారం ఆడవాళ్ళను కూర్చోబెట్టి ధ్యానం చేయించమన్నారు. ఒప్పుకున్నాను. బాగా చేయించాను కూడా. కొత్తగా వచ్చినవాళ్ళకు గుమ్మం మాట చెప్పేదాన్ని. చాలామందికి అది పనికొచ్చింది. ఆ సంగతి నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టాలి కదా? కొన్నేళ్ళు బాధపెట్టలేదు. సంతోషమే ఇచ్చింది.

రెండేళ్ళ తరవాత ఒకరోజు భవానీపూర్ బజారులో పైడమ్మ కనిపించింది. మర్నాడు బంద్, కూరల కోసం జనం తోసుకుంటున్నారు. కోడలి బదులు డాక్టరమ్మ ఇంట్లో తనే పని చేస్తోందట.

"ధ్యానం చేస్తున్నావా పైడమ్మా?"

"నేదమ్మగారూ, ఒగ్గేసినాను. మొదట్నించి సెయ్యమన్నారు గదా. ఎన్నిమార్లు మొదలెట్టినా ఆ దినం వచ్చింది మళ్ళీ రానేదు. వచ్చినా అది మోసమేనాయె." సంచి ఆ చేతినుంచి ఈ చేతికి మార్చుకుంది. "నిద్దర కూడా అంతే. మీకు కుదిరిందేటి?"

"కుదిరింది" అన్నాను.

"పోన్లెండి. మీకన్నా కుదిరింది."

అప్పుడు చెప్పవలసింది. ఆమె నా ఎదురుగానే ఉంది, మా ఇద్దరికీ భాష ఉంది, మౌన నియమం లేదు. వంకాయల ధర అడిగి ముందుకు కదిలాను.

దీదీ కిందటేడు పోయారు. ఆ తరవాతే నేను ఏక్‌బాల్‌పూర్ వెళ్ళి పైడమ్మ కొడుకు ఇల్లు వెతికాను. వాళ్ళు ఖాళీ చేసి చాలాకాలమైందని, ఎటు వెళ్ళారో తెలియదని పక్కవాళ్ళు చెప్పారు. దీదీ పోయేదాకా ఎందుకు ఆగాను? పైడమ్మకు నిజం తెలిస్తే డాక్టరమ్మ ద్వారా దీదీకీ తెలుస్తుందనే భయం. వేరే కారణం ఏదీ లేదు, వెతకను కూడా.

కిందటి నెల నుంచి ఆదివారాలు మానేశాను. ఒంట్లో బాగాలేదని చెప్పాను. చూశారా, అక్కడ కూడా అబద్ధమే.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. పైడమ్మ అడిగిన ప్రశ్న మంచి ప్రశ్న. దాన్ని నేను దీదీ దాకా వెళ్ళనివ్వలేదు. దీదీ చెప్పారని ఆమెకు నేను చెప్పిన జవాబు దీదీది కాదు, నేను కల్పించినది. ఇది ఒక్కచోటైనా నా చేతిరాతలో ఉండాలనిపించింది. రాశాను.