పాలసొర, గబ్బిలం

మొన్న ఉప్పల్ సంతలో ఎండు సొరచేపల వాసనకు ఆగాను. "బాలింతకు పెట్టు పెద్దనాయనా, పాలు మస్తు పడ్తయి," అంది అమ్మే ఆమె. నాకు ఒళ్ళు మండింది.

మా చెల్లి పుట్టినప్పుడు అమ్మకు పాలు పడలేదు. పసిది ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది. నాయనమ్మ పాలసొర తెప్పించి వండింది. సొర గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుందని ఆమె చెబితే, దానికీ పాలుంటాయనుకున్నాను. మర్నాడు నాచారం చెరువు దగ్గర చింతచెట్టుకు వేలాడే పెద్ద గబ్బిలం, రెక్క చాటున పిల్లకు పాలివ్వడం చూశాను. ఇంటికి పరుగెత్తాను.

"నాయనమ్మా, సొర పాలు ఎవ్వలు సూసిన్రు? గబ్బిలం పాలు నేను సూసిన. అదే వండు."

"ఇగ నువ్వే వైద్యునివి," అని నాయనమ్మ నవ్వింది. అమ్మ నవ్వలేదు.

"ఏదైనా వండు అత్తమ్మా, జర కడుపు నిండ పెట్టు," అంది.

బడి మానేశాక పాత పుస్తకాలు చదివి తెలుసుకున్నాను. పిల్లల్ని రెండూ కంటాయి, పాలు మాత్రం గబ్బిలానికే ఉంటాయి. చెల్లి ఎలాగో బతికింది. కానీ నా కోపం చేప మీద కాదు. బాలింత పథ్యమని అమ్మకు రోజుకు ఒక్క పూటే అన్నం పెట్టేవాళ్ళు. ఎక్కడో సముద్రం నుంచి సొరను తెప్పించారు గానీ, రెండో పూట అన్నం పెట్టాలని ఎవరికీ తోచలేదు.