మా ముసఫ్ఫా బాబాయ్ అడవిపంది వేట

మా వాట్సాప్ గ్రూపు పేరు ‘అడవిపంది’. దుబాయ్‌లో బతుకుతూ అదేం పేరని మీరు అడిగితే తప్పులేదు, కింద చెబుతాను. పోయిన నెల ఒక ఉదయం, ఒక చేత్తో దోసె తిరగేస్తూ ఇంకో చేత్తో ఫోను చూస్తుంటే, ఆ పేరు కిందే వచ్చింది కబురు. “బాబాయ్ ఇక లేరు. నిద్రలోనే పోయారు.” పంపింది ముసఫ్ఫాలో ఆయన గదిలోనే ఉండే పెయింటరు. నేను ఆ రెండు ముక్కలూ ఎన్నిసార్లు చదివానో తెలియదు. దోసె మాత్రం బొగ్గయింది.

ఆయన నాకు వరసకి బాబాయ్ కాదు. చుట్టరికం లేదు, కులం వేరు, మాది అమలాపురం దగ్గర, ఆయనది రంపచోడవరం పైన మన్యం. అబుదాబి పక్కన ముసఫ్ఫాలో ఒక గ్యారేజీకి ఇరవై ఏళ్ళకు పైగా ఫోర్‌మన్. నేను దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో ఒక టైపింగ్ సెంటర్‌లో వీసా కాగితాలు టైపు చేస్తాను. ఎవరికైనా కాగితం పని పడితే ఆయన వాళ్ళని వెంటబెట్టుకుని అంత దూరం నుంచి మా దగ్గరికి వచ్చేవారు, ముసఫ్ఫాలో టైపింగ్ సెంటర్లే లేనట్టు. నాకు మొదట్లో విసుగొచ్చేది. “అక్కడ చేయించుకోవచ్చుగా బాబాయ్” అంటే, “అక్కడ టైపు చేసి సంతకం పెట్టమంటారమ్మా. నువ్వైతే తెలుగులో చదివి చెప్తావు. ఏ కాగితం మీద సంతకం పెడతన్నాడో ఆడికి తెలియొద్దా?” అనేవారు. అలా ఆయన నన్ను మంచిదాన్ని చేశారు. అంతకుముందు నేను ఎవరికీ చదివి చెప్పేదాన్ని కాదు, ఒప్పుకుంటున్నాను.

ఇంజను మీద పొడుగాటి స్క్రూడ్రైవరు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవారు. చేతులకంటిన గ్రీజు పంచదారతో తోముకునేవారు. అందుకని ఆయన గదిలో టీ చప్పగా ఉండేది. “పంచదార ఒకటే ఉంది, చేతులకా నోటికా?” అని అడిగి, మనం జవాబు చెప్పేలోపే చేతులకి వాడేసేవారు. ఎవరినైనా పరిచయం చేస్తే వాళ్ళ ఊరి పేరుకన్నా ముందు వాళ్ళేం పనిచేస్తారో అడిగేవారు. పని మంచిదైతే మనిషీ మంచివాడేనని ఆయన లెక్క. ఆ లెక్క చాలాసార్లు తప్పింది, ఆయన మాత్రం మార్చుకోలేదు.

ఇక వేట సంగతి. మస్తాన్ అని కడప జిల్లా అతను ఒకడున్నాడు. కరోనా రోజుల్లో పనిచేసే హోటల్ మూతపడి, ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నాడు. బాబాయ్ దగ్గర బండ్లు బాగుచేయించుకునే ఒక అర్బాబ్‌కి మసాఫీ దాటాక కొండల్లో చిన్న తోట ఉంది. అర్బాబ్ అంటే అక్కడ యజమాని. బాబాయ్ ఆయన్ని బతిమాలి, “ఈ మనిషికి నేను పూచీ” అని మాటిచ్చి మస్తాన్‌ని ఆ తోటలో పెట్టించారు. ఏడాది బాగానే గడిచింది. ఆ చలికాలంలో ఎవరో, ఏదో, చిలగడదుంప మడుల్ని తవ్విపోయడం మొదలుపెట్టింది. మూడోసారి కూడా అయ్యాక అర్బాబ్ మస్తాన్‌ని నిలబెట్టి చెప్పాడట: నువ్వు కాపలా మానేసి పడుకుంటున్నావు, ఆదివారం సాయంత్రం వస్తాను, అప్పటికి సంగతి తేలకపోతే ఖలాస్, వీసా కాన్సిల్, ఊరికి పో.

మస్తాన్ ఫోటోలు పంపాడు. గోతులు, ఎగదోసిన మట్టి, బయటపడ్డ దుంపలు. అవాళ బాబాయ్ మా ఇంట్లోనే ఉన్నారు. ఫోటోని పెద్దది చేశారు, చిన్నది చేశారు, కళ్ళజోడు తీశారు, పెట్టుకున్నారు. చివరికి తేల్చేశారు.

“పందే.”

“బాబాయ్, ఇది దుబాయ్” అన్నాను.

“అయితే ఏంటంట? ఇంత ఎండలో మంచుకొండ కట్టారా లేదా? పెంగ్విన్ పిట్టల్ని పెంచుతన్నారా లేదా? ఎవడో తెచ్చుకున్న పంది ఒకటి తప్పించుకోకూడదా?”

మా ఆయన అప్పటికే సగం నమ్మేశాడు. జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో గోడౌన్ పని ఆయనది, వారమంతా అట్టపెట్టెల మధ్య బతికే మనిషికి వేట అంటే ఊపు రాదా మరి. బాబాయ్ కుర్రతనంలో వాళ్ళ నాన్నతో కలిసి మన్యంలో అడవిపంది వేటకి పోయేవారట. అది నేరమని తర్వాతెప్పుడో తెలిసిందట. “బల్లెం చేయించమంటారా?” అని మా ఆయన అడిగితే, “మన వీసా కడుపులో మనమే పొడుచుకోడానికా? ఈ దేశంలో వేటంటే జైలే. వల వేసి పట్టుకుని బలదియా ఓళ్ళకి అప్పజెప్తాం” అన్నారు. బలదియా అంటే మునిసిపాలిటీ. మస్తాన్‌కి ఫోన్ చేసి చెబితే అతను పంది పేరు వినగానే హడలిపోయాడు. “చాచా, అర్బాబ్ ముందర ఆ మాట అనొద్దు. నా పనే కాదు, నేను కూడా ఉండను!”

ఆదివారం పొద్దున్నే ముసఫ్ఫా నుంచి గ్యారేజీ పికప్‌లో బయల్దేరి, జెబెల్ అలీ గేటు దగ్గర డ్యూటీ దిగిన మా ఆయన్ని ఎక్కించుకుని, ఇంటర్నేషనల్ సిటీలో నన్నూ, నా స్నేహితురాలు రత్నాన్నీ ఎక్కించుకున్నారు. రత్నం ఒక ఇంట్లో వంటపని చేస్తుంది, వారానికి అదొక్కటే సెలవు. ఆ సెలవు పెట్టుకుని, పెద్ద డబ్బా నిండా పులిహోర కలిపి తెచ్చింది. బండి కదలకముందే బాబాయ్ వేట కట్టుబాట్లు చెప్పారు. దారిలో దాని పేరు ఎత్తకూడదు, ‘దొరగారు’ అనాలి. దొరుకుతుందా అని అడగకూడదు. మర్చిపోయిన వస్తువు కోసం బండి వెనక్కి తిప్పకూడదు.

మేం హైవే ఎక్కి పది నిమిషాలు కాలేదు, నేను అడిగాను. “ఏవండీ, వల వెనకాల పెట్టారా?”

మా ఆయన ముఖం చూడాలి మీరు. గోడౌన్‌లో పారేసిన సరుకుల వల ఒకటి అడిగి తెచ్చుకుని, జెబెల్ అలీ గేటు దగ్గర గోడకి ఆనించి, అక్కడే వదిలేసి బండెక్కాడు.

“తిప్పండి బాబాయ్” అన్నాడు.

“తిప్పను.”

“వల లేకుండా వేటేంటండీ బాబూ!” అంది రత్నం.

“వల ఎక్కడైనా దొరుకుద్ది. తిరిగితే వేట చెడుద్ది” అని బాబాయ్ ఇంకాస్త తొక్కారు. ధైద్ దాటేవరకూ మా ఆయన ఎవరి ముఖమూ చూడలేదు. నేను ఆ అవకాశాన్ని వదులుకోలేదు, దారిపొడుగునా దెప్పుతూనే ఉన్నాను. ఇసుక అయిపోయి నల్లటి కొండలు మొదలయ్యాయి. రత్నం దొరగారు దొరికాక ఎలా వండేవారో అడుగుతూ, అది బలదియాకి పోతుందని మళ్ళీ మళ్ళీ మర్చిపోతోంది.

తోట చేరేసరికి మధ్యాహ్నం కావస్తోంది. మస్తాన్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. రాత్రుళ్ళు మేలుకునే ఉన్నానని, తెల్లారి కాస్త కునుకు పడితే చాలు, ఎప్పుడొస్తుందో వస్తోందని చెప్పాడు. బాబాయ్ నేరుగా మడి దగ్గరికి పోయి మోకాళ్ళ మీద కూర్చున్నారు. నేనూ వంగి చూశాను. పంది అడుగు రెండుగా చీలి పడుతుందని పల్లెటూరిదాన్ని, నాకూ తెలుసు. అక్కడున్నది గుండ్రంగా, ఒకటే గిట్ట. బాబాయ్ చాలాసేపు లేవలేదు.

“ఏంటి బాబాయ్?”

“కొంచెం ముదురు పంది” అన్నారు, నా వైపు చూడకుండా.

ఆ గోతుల అడుగున మట్టి తడిగా ఉంది. బాబాయ్ చేత్తో తవ్వి చూస్తే కింద నీళ్ళ పైపు, దాని జాయింటు దగ్గర చెమ్మ ఊరుతోంది. విప్పి, మర మీదున్న తెల్ల టేపుని వేలితో తడిమి, ఒకసారి మస్తాన్ వైపు చూశారు. మస్తాన్ కొండల వైపు చూస్తున్నాడు. బాబాయ్ పాత టేపు వలిచేసి, కొత్తది చుట్టి బిగించారు. నేను పులిహోర మూత తీసే పనిలో ఉన్నాను.

అందరం చెట్టు నీడన కూర్చున్నాం. బాబాయ్ పులిహోరని తినడానికి కూడా వేట పద్ధతే పెట్టారు. అయిదు కాగితాల మీద అయిదు కుప్పలు పోసి, ఒకరు వెనక్కి తిరిగి కూర్చోవాలి, కుప్ప చూపించి ‘ఇదెవరికి’ అంటే చూడకుండా పేరు చెప్పాలి. ఎక్కువ తక్కువల పేచీ ఉండదు. మస్తాన్‌ని వెనక్కి తిప్పి కూర్చోబెట్టారు. అతను నలుగురి పేర్లూ చెప్పి, “మిగిలింది నాకు” అన్నాడు.

“వాటాల్లో మిగిలింది అని ఉండదురా. పేరు చెప్పు” అన్నారు బాబాయ్.

“మస్తాన్‌కి” అన్నాడతను. పొద్దుటినుంచీ అప్పుడే కొంచెం నవ్వాడు.

తర్వాత మాటు వేశాం. వల బదులు మొక్కల మీద కప్పే ఆకుపచ్చ నెట్ పట్టుకుని మా ఆయన ఒక పక్క, మస్తాన్ ఒక పక్క. రత్నమూ నేనూ పళ్ళేలూ గరిటెలూ. ఎండ పచ్చబడుతున్నప్పుడు కంచె అవతల వాదిలో, అంటే ఎండిన వాగులో, రాళ్ళు కదిలిన చప్పుడైంది. బాబాయ్ చెయ్యెత్తారు. మేం పళ్ళేలు వాయించి, గొంతులు చించుకుని అరిచాం. విరిగిన కంచె సందులోంచి దొరగారు లోపలికి వచ్చారు. బూడిదరంగు గాడిద. వెనకాల దాని పిల్ల.

గాడిద మా గోలకి ఏమాత్రం బెదరలేదు. నిలబడి మమ్మల్ని ఒకరి తర్వాత ఒకర్ని చూసింది. తర్వాత తిన్నగా గొయ్యి దగ్గరికి పోయి, తడి వాసన చూసి, ముంగాలితో తవ్వసాగింది. పిల్ల నెట్‌లో చిక్కుకుని గింజుకుంటోంది. మా ఆయన దాన్ని పట్టుకుని, “బాబాయ్, దొరగారికి చెవులు పొడుగ్గా ఉన్నాయేంటి?” అన్నాడు. రత్నం నవ్వి నవ్వి కింద కూర్చుండిపోయింది. బాబాయ్ వచ్చి పిల్ల కాళ్ళకి చుట్టుకున్న నెట్ విప్పుతున్నారు.

అప్పుడే అర్బాబ్ తెల్ల బండి వచ్చి ఆగింది. మా నవ్వులు ఆగిపోయాయి. ముసలాయన దిగి, గాడిదని చూశాడు, గోతిని చూశాడు, కొత్తగా బిగించిన జాయింటుని చూశాడు. తోటలు తెలిసినవాడు, ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. నీళ్ళు కారాయి కాబట్టి దాహమేసిన జంతువు తవ్వింది.

“యే పైప్ కౌన్ లగాయా?” అన్నాడు. ఈ పైపు బిగించింది ఎవరని.

మస్తాన్ నోరు తెరిచాడు. అతనికన్నా ముందు బాబాయ్ లేచారు.

“మై లగాయా, అర్బాబ్. రంజాన్‌లో మోటారు చూడ్డానికి వచ్చినప్పుడు. మేరా గల్తీ.” తానే బిగించానని, తప్పు తనదేనని.

అర్బాబ్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. నా ఇంజన్లు విప్పే మనిషివి, ఒక్క పైపు బిగించలేవా అన్నాడు హిందీలో. మస్తాన్‌ని పని చూసుకోమన్నాడు. ఆ వారం నుంచే ఆయన బండ్లు రెండూ వేరే గ్యారేజీకి పోయాయి. ముదీర్, అంటే గ్యారేజీ మేనేజరు, బాబాయ్‌ని పిలిచి చీవాట్లు పెట్టాడని మాకు పెయింటరు చెప్పాడు. బాబాయ్ చెప్పలేదు. ఆ సాయంత్రం మాత్రం మేం బయల్దేరేముందు ఆయన నీలం డ్రమ్ము ఒకటి అడ్డంగా కోసి, కంచె బయట పెట్టి, మస్తాన్‌తో నీళ్ళు నింపించారు. వాళ్ళిద్దరూ అక్కడ ఏదో మాట్లాడుకుంటూ కాసేపు ఉండిపోతే, చీకటి పడుతోందని నేనే కేకేశాను.

ఆ తర్వాత ఆయన్ని మేం పెట్టిన ఏడిపింపు అంతా ఇంతా కాదు. గ్రూపు పేరు మా ఆయన పెట్టిందే. పైపు బిగించడం రాని ఫోర్‌మన్, గాడిదకీ పందికీ తేడా తెలియని వేటగాడు. మా వంటింట్లో కుళాయి కారితే, “బాబాయ్‌ని మాత్రం పిలవకండి” అని ఆయన ఎదుటే అనేదాన్ని. ఆయన నవ్వేవారు. ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే ఆ కథ చెప్పమని తానే నన్ను పురమాయించేవారు.

ఆయన చివరి కాగితాలు నేనే టైపు చేశాను. చదివి చెప్పడానికి ఎదురుగా మనిషి లేడు. అయినా ఒకసారి పైకి చదివాను, తెలుగులో, మొదటినుంచి చివరిదాకా.

ఆయన్ని ఊరికి పంపించాక వచ్చిన ఆదివారం అందరం ముసఫ్ఫాలో ఆయన గదిలో కలిశాం. మస్తాన్ కొండల్లోంచి బస్సులు మారి వచ్చాడు, సంచీ నిండా వంకాయలు తెచ్చాడు. ఎవరో వేట కథ ఎత్తారు. నేను అలవాటుగా పైపు దగ్గరికి వచ్చేసరికి మస్తాన్ అడ్డుకున్నాడు.

“అక్కా, ఆ జాయింటు చాచా బిగించింది కాదు. నేను. ఒగదినం నీళ్ళు పట్టుకోడానికి విప్పి, మళ్లా నేనే బిగిస్తి. టేపు ఎదురు చుట్టినా. చూసిన నిమిషంలోనే చాచాకి తెలిసిపోయింది.”

మస్తాన్ వంకాయల సంచీ పక్కకి జరిపాడు.

“ఆ డ్రమ్ము కాడ టేపు ఏ పక్కకి చుట్టాల్నో చూపిచ్చినాడు. అంతే. ఒక్క మాట అనలా.”

“మరి ఇన్నాళ్ళూ మాకెందుకు చెప్పలేదయ్యా?” అన్నాను. నాకు కోపమొచ్చింది. మస్తాన్ మీద కాదు, నా మీద.

“నేను చెప్తాననే అంటినక్కా. చాచానే వద్దన్నాడు. చెప్పేస్తే వాళ్ళకి నవ్వుకోడానికి ఏముంటది అన్నాడు.”

వేటకి పోయిన ఆ ఆదివారం, తిరుగు దారిలో మసాఫీ దగ్గర చాయ్ దుకాణం ముందు ఆగాం. మా ఆయన బెంచీ మీద కూర్చున్న లారీ డ్రైవర్లందరికీ హిందీలో మొత్తం కథ చెప్పాడు, ఫోర్‌మన్ బిగించిన పైపుతో సహా. పఠాన్లు తొడలు చరుచుకుని నవ్వారు. ఒకాయన “కౌన్? యే?” అని బాబాయ్ వైపు వేలు చూపించాడు. బాబాయ్ చాయ్ కప్పు బెంచీ మీద పెట్టి, అందరి మధ్యకీ వచ్చి, రెండు చేతులూ తలకి అటూ ఇటూ చెవుల్లా నిలబెట్టి, ఆ గాడిద మమ్మల్ని ఒకరి తర్వాత ఒకర్ని ఎలా చూసిందో, నింపాదిగా తల తిప్పుతూ చేసి చూపించారు.